రీజనింగ్ క్లాసులో అవ్వ

“సార్, మద్దిలేటి నాకన్నా తెలివి తక్కువవాడా?”

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పే దస్తగిరి సార్‌ను లిఖిత ఈ మాట అడిగిన రోజునే ఫలితాలు వచ్చాయి. ఆమె గట్టెక్కింది, మద్దిలేటి మళ్ళీ తప్పాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఆమెకు జ్వరమొస్తే హాస్టలుకు జావ మోసుకొచ్చినవాడు అతడు. ఇప్పుడు చదువు చాలించి ఊరికి పోతానంటున్నాడు.

సార్ అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. “క్లాసుకు టైమైంది, పదమ్మా. వాణ్ణి కూడా ఈ పూటకు రమ్మను,” అన్నాడు.

గుండ్రటి బల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో తేల్చే పజిల్ ఒకటి బోర్డు మీద వేశాడు. అందరూ తలలు వంచి కుస్తీ పడుతుండగా గుమ్మంలోకి ఒక అవ్వ వచ్చింది. బ్యాంకు ఎక్కడని అడిగితే ఎవరో ఈ మేడ చూపించారట.

“రైతు సాయం పడలేదంట నాయనా. నా దుడ్లు యాడికి పోయినాయి?”

“ఇది బ్యాంకు కాదవ్వా. బ్యాంకు పక్క వీధిలో ఉంది,” అని లిఖిత తలెత్తకుండానే చెప్పి మళ్ళీ పజిల్లో పడింది. చెప్పింది నిజమే. సార్ మాత్రం సుద్దముక్క పట్టుకుని క్లాసు వైపు చూశాడు.

మద్దిలేటి పెన్ను పక్కన పెట్టి లేచాడు. అవ్వను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ఆమె చెప్పిందంతా విన్నాడు. కోడలి సంగతి, ఎండిపోయిన మిరపతోట, వీధిలోకొచ్చి వేలిముద్ర వేయించుకుపోయిన మనుషులు, అన్నీ విన్నాడు. కానీ డబ్బు ఏమైందో అతడికి అంతుచిక్కలేదు.

లిఖిత చేతిలో పెన్ను ఆగిపోయింది. లేచి దగ్గరికొచ్చింది.

“అవ్వా, ఆ వేలిముద్ర కొత్త ఖాతా కోసమా? ఆధార్ కార్డు కూడా అడిగారా?”

అవ్వ తలూపింది.

“అయితే నీ డబ్బు ఎక్కడికీ పోలేదు. సాయం ఆధార్‌కు చివరగా కలిపిన ఖాతాలోనే పడుతుంది. ఆ కొత్త ఖాతాలో పడి ఉంటుంది.”

ఇద్దరూ కలిసి అవ్వను ఆ కొత్త ఖాతా ఉన్న బ్యాంకుకు తీసుకెళ్ళారు. డబ్బు అక్కడే ఉంది. అవ్వ ఇద్దరి బుగ్గలూ పుణికి మెటికలు విరిచింది.

తిరిగొస్తూ లిఖిత అంది: “ఊరికి పోవద్దు. పజిల్స్ నేను నేర్పుతా.”

“నాతో నీకు విసుగొస్తుంది.”

“వస్తే తిడతా. నువ్వు మాత్రం పోవద్దు.”

మద్దిలేటి నవ్వి సరేనన్నాడు.

క్లాసు ఖాళీ అయ్యాక ఆమె సార్ దగ్గర నిలబడింది. “అవ్వ చేత అతను అంతా చెప్పించకపోతే నాకు ఆ సంగతి తట్టేదే కాదు సార్. పరీక్షకు అతని ఆ నేర్పు కనపడదా?”

“పరీక్ష తప్పేం చేయలేదమ్మా. అది అడిగినదానికి నువ్వు బాగా రాశావు,” అన్నాడు సార్ బోర్డు తుడుస్తూ. “అది అడగనివి కూడా కొన్ని ఉంటాయి. వాటికి మార్కులుండవు. అయినా రాస్తూ ఉండు.”