శెట్టిగారి వెనక కెమెరా

అనగనగా ఏటిగడ్డ అనే పట్నం. ఆ పట్నాన్ని ఏలడానికి రాజు లేడు గానీ, రాజుకున్నంత దర్జా ఉన్న వర్తకుడు మాత్రం ఒకడున్నాడు. ఆయన పేరు విరూపాక్షయ్య, ఊరంతా శెట్టిగారు అనేవారు. బజారు వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టు ఆయనది. బిందె మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోతను బట్టి అతుకు ఎక్కడుందో చెప్పేవాడు. అతుకులు పట్టడమంటే ఆయనకు సరదా. మనుషుల్లో అతుకులు పట్టడమంటే మరీ సరదా.

ఆ విరూపాక్షయ్య ఒక తెల్ల కారు కొన్నాడు. కారుతో పాటు బెంగ కూడా కొనుక్కున్నాడు. ఎవడొచ్చి గీస్తాడో, ఎవడొచ్చి గుద్ది తప్పు తనమీదకు నెడతాడో అని ఆయనకు నిద్ర పట్టేది కాదు. అందుకని కారుకు ముందొక కెమెరా, వెనకొక కెమెరా పెట్టించాడు. వాటికి స్టీరింగు పక్కన అరచేయంత తెర. తెరలో పైసగం ముందు దారి కనిపిస్తుంది, కింది సగం వెనక దారి కనిపిస్తుంది.

బిగించినాయన వెళుతూ వెళుతూ ఒక మాట చెప్పాడు. కారు తాళం తిప్పి ఉన్నంతసేపూ ఈ రెండూ చూస్తూనే ఉంటాయి. లోపల కార్డు నిండితే పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటాయి. దాచుకోవలసింది ఏదైనా ఉంటే ఈ మీట నొక్కండి, లేదంటే కారు తిరిగేకొద్దీ అదే చెరిగిపోతుంది అన్నాడు. విరూపాక్షయ్య తల ఊపాడు. ఆ ఆఖరి మాట ఆయన మనసులో ఒక మూల చేరి కూర్చుంది.

కెమెరాలు వచ్చిన వేళావిశేషం, గెలుపు మీద గెలుపు వచ్చింది. మొదట ఒక గడ్డి ట్రాక్టరువాడు కారును రాసుకుపోయి తప్పు శెట్టిగారిదే అన్నాడు. ముందు కెమెరా చూపిస్తే నోరు మూసుకున్నాడు. తరువాత ఒక పెళ్ళివారి బస్సు అడ్డంగా వచ్చి తగువుకు దిగింది. ముందు కెమెరా చూపిస్తే పెళ్ళికొడుకు మేనమామే దిగొచ్చి దండం పెట్టాడు. మూడోసారి, తనకు సంబంధం లేని గొడవలో, కొబ్బరిబొండాల బండిని ఎవరు పడదోశారో కూడా ఆయన కెమెరాయే తేల్చింది.

ఇక చూడండి. శెట్టిగారి కారు అబద్ధమాడదు అన్నారు జనం. పోనుపోను కారు మాట మరిచిపోయి, శెట్టిగారు అబద్ధమాడరు అన్నారు. ఆ మాట వినబడితే చాలు, ఆయన కడుపు నిండిపోయేది.

వెనక కెమెరాను మాత్రం ఆయన ఏనాడూ చూసింది లేదు. వెనక ఏముంటుంది, మనం లేపిన దుమ్ము తప్ప, అనేవాడు.

ఒకనాడు ఆయన భార్య భ్రమరాంబ, ఊరి కళ్ళన్నీ మన కారు మీదే ఉన్నాయి, అమావాస్యకు దిష్టి తీయించమంది. బూడిద గుమ్మడికాయ తెప్పించారు. పైన చెక్కు కోసి, లోపల కుంకుమ కలిపి పోశారు. అందులో రూపాయి బిళ్ళ వెయ్యాలి. పగలగొట్టేదానికి రూపాయి దండగ కదా అని శెట్టిగారు కొట్లో విరిగిన మూత నుంచి గుండ్రంగా ఒక ఇత్తడి ముక్క కత్తిరించి, దాన్ని వేశాడు. దేవుడికి తెలియదా అని భ్రమరాంబ అంటే, దేవుడికి ఇత్తడి అయినా ఒకటే, బంగారమైనా ఒకటే అన్నాడు.

ముందు కెమెరాకు మూడుసార్లు, వెనక కెమెరాకు మూడుసార్లు కర్పూరంతో తిప్పారు. ఆ కాయను కారులో పెట్టుకుని శెట్టిగారు మూడుదారుల మలుపుకు వెళ్ళాడు. వెళ్ళేముందు భ్రమరాంబ గట్టిగా చెప్పింది.

"కాయ కొట్టాక వెనక్కి తిరిగి చూడకండి. చూస్తే దిష్టి మళ్ళీ వెంటబడుతుంది."

కాయ పగిలింది. ఎర్రని గుజ్జు దారంతా పరుచుకుంది. శెట్టిగారు కారెక్కి, భార్య మాట జవదాటకుండా, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే బజారు సంఘం అరుగు మీదకు కబురొచ్చింది. రవికలు కుట్టే రత్తమ్మ ముందురోజు సాయంత్రం మూడుదారుల మలుపులో మోపెడ్ మీంచి పడింది. కుడి మణికట్టు విరిగింది. కుట్టుపని చేసుకునే మనిషికి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగిలింది? జనం పరుగెత్తుకొచ్చి చూసేసరికి ఆమె పక్కన ఏడుకొండలు ఆటో ఆగి ఉంది. బడిపిల్లలను దించి వచ్చే ఏడుకొండలు. అతడే గుద్దాడన్నారు.

"నేను గుద్దలేదండీ. గుమ్మడికాయ గుజ్జు మీద బండి జారింది. పడిపోతే నేను ఆపి లేపాను, అంతే," అన్నాడు ఏడుకొండలు.

అరుగు మీదివాళ్ళు నవ్వారు. అమావాస్యనాడు గుమ్మడికాయ లేని మలుపు ఏదయ్యా, మేమంతా తొక్కుకుంటూ పోవడం లేదా అన్నారు. రత్తమ్మను అడిగితే, ఎర్రగా ఏదో కనిపించింది, తరువాత ఒళ్ళు తెలియలేదు, అబద్ధం చెప్పలేను అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మన విరూపాక్షయ్య ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండానే భుజం మీది కండువా సర్దింది.

సంఘం పెద్ద కోదండపాణిగారు ఆయనవైపు తిరిగి, ఆ వేళకు మీ కారు అటే వెళ్ళిందట, మీ కెమెరా ఏమంటుంది అని అడిగారు. శెట్టిగారు ముందు కెమెరా చూపించాడు. ఎదురుగా ఏడుకొండలు ఆటో జోరుగా వస్తోంది. అది నిజమే. అందరూ తలలు ఊపారు.

"మరి వెనక కెమెరాలో?" అన్నారు కోదండపాణిగారు.

"వెనకది నిన్న పనిచెయ్యలేదండీ," అన్నాడు విరూపాక్షయ్య.

శెట్టిగారు అబద్ధమాడరు కదా. ఎవరూ మళ్ళీ అడగలేదు. నిజం తేలేదాకా ఏడుకొండలు స్టాండులో ఆటో పెట్టకూడదు, బడిపిల్లలను ఎక్కించకూడదు అని తీర్పు చెప్పారు. ఏడుకొండలు ఆటో తోసుకుంటూ స్టాండులోంచి బయటికి వెళ్ళాడు.

మధ్యాహ్నం శెట్టిగారు షెడ్డులో కారెక్కి, అద్దాలన్నీ బిగించుకుని, మొట్టమొదటిసారి వెనక కెమెరా చూశాడు. తెరలో మలుపు. మలుపులో తను. తన చేతులే కాయను ఎత్తాయి, తన చేతులే కొట్టాయి. కారు కదిలింది. గుజ్జు మీదకు రత్తమ్మ మోపెడ్ వచ్చింది, జారింది, ఆమె పడింది. ఆటో ఆమెను తాకకుండా నాలుగడుగుల అవతలే ఆగింది. ఏడుకొండలు దూకి పరుగెత్తి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు సాగిపోతూనే ఉంది. కారులోని మనిషి వెనక్కి చూడలేదు.

శెట్టిగారు షెడ్డులో ఎవరూ లేకపోయినా తల దించుకున్నాడు.

ఇప్పుడైనా వెళ్ళి చెప్పవచ్చు కదా అంటారు మీరు. చెప్పవచ్చు. కానీ పరువు ఒకటి అడ్డం పడింది. పోనీ చెరిపేద్దామంటే పాపభయం అడ్డం పడింది. అప్పుడు బిగించినాయన మాట మనసు మూలలోంచి లేచి వచ్చింది: కారు తిరిగేకొద్దీ అదే చెరిగిపోతుంది. నా చేత్తో చెరిపితే పాపం గానీ, అదే చెరిగిపోతే నాదేముంది, అనుకున్నాడు శెట్టిగారు. దేవుడికి ఇత్తడి బిళ్ళ ఇచ్చిన మనిషి ఆయన, ఆ లెక్క తప్పుతుందా?

మర్నాటి నుంచి కొట్టు మానుకుని కారులో ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు.

మొదట బజారు మీదుగా వెళ్ళాడు. ఆటో స్టాండులో వరస మధ్యన ఒక ఆటో పట్టే ఖాళీ. ఎవరూ దాన్ని పూరించలేదు. ఆయన ఎన్నిసార్లు అటు వెళ్ళినా ఆ ఖాళీయే కళ్ళబడింది. అటు చూడకుండా దాటాలని చూస్తే మెడ పట్టేసింది.

తరువాత రత్తమ్మ ఇంటి ముందునుంచి వెళ్ళాల్సివచ్చింది. ఆమె గుమ్మంలో కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో సూదిలో దారం ఎక్కించాలని చూస్తోంది. కారు చూసి పిలిచింది. ఆగక తప్పలేదు.

"అన్నయ్యగారూ, వదినగారి రవికలు ఆలస్యమవుతాయి. ఏమీ అనుకోవద్దని చెప్పండి," అంది.

పరవాలేదమ్మా అని ఆయన కారు కదిలించాడు. క్షమించమని ఆమే నన్ను అడుగుతోందే అనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఊరంతా తిరగడం ఆపలేదు. సిగ్గుపడటం వేరు, ఆగడం వేరు.

మూడోసారి ఊరు దాటి ఇటుక బట్టీల దారిన పోయాడు. ఒకచోట నిలిపి కార్డు వెతికి చూసుకున్నాడు. మలుపు లేదు, గుమ్మడికాయ లేదు, రత్తమ్మ లేదు. అంతా చెరిగిపోయింది. హమ్మయ్య అనుకుని బండి కదిలిస్తే, కదల్లేదు. తిరిగి తిరిగి పెట్రోలు అయిపోయింది.

అప్పుడు వచ్చాడు ఏడుకొండలు. బడిపిల్లలు కూర్చునే ఆటోలో ఇటుకలు నింపుకుని వస్తున్నాడు. కారు చూసి ఆపాడు. విషయం తెలుసుకుని, బంకు దగ్గరేనండి, మీరు స్టీరింగు పట్టుకోండి, నేను తోస్తాను అన్నాడు. శెట్టిగారు తాళం తిప్పి కూర్చున్నాడు.

తెర వెలిగింది. పైసగంలో ఖాళీ దారి. కింది సగం నిండా ఏడుకొండలు ముఖం. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, చెమట ముక్కు మీదుగా కారుతుంటే, అతడు శెట్టిగారి కారును తోస్తున్నాడు. తెర మీద చెయ్యి అడ్డం పెట్టుకోవాలనిపించింది శెట్టిగారికి. చెయ్యి లేవలేదు. బంకు వచ్చేదాకా ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు.

బంకులో ఏడుకొండలు కిటికీ దగ్గరికి వచ్చి, చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు.

"శెట్టిగారూ, ఆ వెనక కెమెరా బాగు చేయించుకోండి. నా సంగతి అయిపోయింది. రేపు నాలాంటి ఇంకొకడికి పనికొస్తాది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది శెట్టిగారికి. తిట్టినా పడేవాడు, కొట్టినా పడేవాడు. ఏమీ అనకుండా మంచి చెప్పి పోయే మనిషి ముందు ఎక్కడ తలదాచుకోవాలో ఆయనకు తెలియలేదు.

పెట్రోలు పోయించుకుని ఆయన ఇంటికి పోలేదు. ఏడుకొండలును వెంట రమ్మని, తిన్నగా బజారు సంఘం అరుగు దగ్గరికి వెళ్ళి, కోదండపాణిగారి ముందు నిలబడ్డాడు. రత్తమ్మకూ కబురు పంపాడు. జనం మూగారు.

"ఆ గుమ్మడికాయ నాది. వెనక కెమెరా పనిచేసింది. నేను అంతా చూశాను. ఏడుకొండలు తప్పు వీసమెత్తు లేదు," అన్నాడు.

ఆయన అనుకున్నట్టు ఎవరూ ఛీ అనలేదు. చూశారా శెట్టిగారి పెద్దమనసు, బండి తోసినందుకు ఆటోవాడి తప్పు నెత్తిన వేసుకుంటున్నారు అని మెచ్చుకున్నారు. కొందరు చేతులు జోడించారు. ఆ మెప్పు ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. నిజమండీ అంటే, అయితే కెమెరాలో చూపించండి అన్నారు.

"చెరిపేశాను. చేత్తో కాదు, చక్రాలతో చెరిపేశాను. చెరిగిపోవాలనే ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగాను." ఆయన భుజం మీది కండువా తీసి చేత పట్టుకున్నాడు. "ఇక నా నోరొక్కటే సాక్ష్యం. ఆ కాయలో రూపాయి కూడా వెయ్యలేదు నేను. విరిగిన మూతలోంచి కత్తిరించిన ఇత్తడి ముక్క వేశాను."

రత్తమ్మ ఆయనవైపు వింతగా చూసింది. ఎడమ చేత్తో, పళ్ళతో కొంగు ముడి విప్పింది. ఆ రోజు చీర కుచ్చిళ్ళలో చిక్కుకుని ఉందట, ఎవరిదో కనుక్కుని ఇద్దామని ముడేసుకుందట. గుండ్రని ఇత్తడి ముక్క.

కోదండపాణిగారు దాన్ని తీసుకుని అరుగు రాతి మీద వేశారు. ఖణేల్‌మని మోగింది. బిందెల్లో అతుకులు పట్టే విరూపాక్షయ్యకు ఈసారి అతుకు ఎక్కడుందో ఆ మోతలో తెలిసిపోయింది. మెచ్చుకున్న నోళ్ళన్నీ మూతబడ్డాయి. అక్కడ నిలబడ్డ ప్రతివాడూ ఏడుకొండలును చూసి నవ్వినవాడే. ఒక్కొక్కరే తలలు దించుకున్నారు.

శెట్టిగారు ఏడుకొండలు ముందుకు వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏడుకొండలు చేతులు విడిపించుకోలేదు. నవ్వనూ లేదు.

"ఆ రోజే చెప్పుంటే బాగుండేది శెట్టిగారూ," అన్నాడు.

అంతే అన్నాడు. ఆ మాట శెట్టిగారికి జన్మంతా సరిపోయింది.

స్టాండులో ఖాళీ నిండింది. బడిపిల్లలు మళ్ళీ ఆటో ఎక్కారు. రత్తమ్మ కట్టు విప్పేదాకా శెట్టిగారే ఆమెను కారులో ఆసుపత్రికి తిప్పాడు. శెట్టిగారు అబద్ధమాడరన్న మాట మాత్రం ఏటిగడ్డలో మళ్ళీ ఎవరూ అనలేదు. ఆయనా ఆశపడలేదు.

మరుసటి అమావాస్యనాడు మూడుదారుల మలుపులో జనం ఒక వింత చూశారు. విరూపాక్షయ్య చీపురూ తట్టా పట్టుకుని, పంచె ఎగగట్టి, ఎవరెవరో కొట్టిపోయిన గుమ్మడికాయ ముక్కలన్నీ ఊడ్చి ఎత్తుతున్నాడు. దారిన పోయే ఒకావిడ, ఏం శెట్టిగారూ, వెనక కెమెరా బాగయిందా అని వేళాకోళమాడింది. ఆయన తల ఎత్తకుండానే, ఇప్పుడిప్పుడే బాగవుతోందమ్మా అన్నాడు.

కనుక పిల్లలూ, ఎదుటివాడి తప్పు చూడటానికి దేవుడిచ్చిన రెండు కళ్ళే చాలు. మనం దాటి వచ్చిన దారిలో ఎవరు పడ్డారో వెనక్కి తిరిగి చూసుకుని, చూసింది చూసినట్టు చెప్పేవాడే మనిషి.