ఇప్పపువ్వు తిన్న బూచోడు

ఇప్పలకోన అనే అడవి ఉండేది. ఇప్పుడు వెతికినా అంత పచ్చని కోన దొరకదు. అందులో కుందేళ్లు, నెమళ్లు, వడ్రంగిపిట్టలు, ఒక ముసలి ముళ్లపంది కాపురముండేవి. వాటికి కాపలా బూచోడు అనే కుక్క. వాడు తిరిగినంతసేపూ నక్క ఆ ఛాయలకే వచ్చేది కాదు. ఎంత చల్లని రోజులవి!

పేరుకే బూచోడు. ఆకాశం ఉరిమిందా, ఇక ఒళ్లంతా వణుకే. తోక ముడిచి, చొంగ కారుస్తూ, కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు పరుగు. ఒక గాలివాన సాయంత్రం వాడు అలాగే పారిపోతే, నక్క వచ్చి కుందేలు పిల్లను ఎత్తుకుపోయింది. తల్లి ఏడుపు విని అడవంతా కంటతడి పెట్టింది. ఇంకోసారి పారిపోతే బూచోడు కోన విడిచి పోవాల్సిందేనని జంతువులన్నీ తీర్మానించాయి.

ఉరిమితే పురివిప్పే ఒక నెమలికి ఇదంతా నవ్వులాట. భయం పోవాలంటే ఉరుము కిందే నిలబెట్టాలంది. మళ్లీ మబ్బు పట్టగానే బూచోణ్ణి పొడిచి పొడిచి కొండమీది బండకు తరిమింది. దగ్గర్లోనే పిడుగు పడింది. పాపం, వాడు దిక్కు తెలియక కిందికి దొర్లి, కాలు బెణికి, ముళ్లపంది అవ్వ బొరియలో దూరాడు.

అవ్వ తిట్టలేదు. "భయం మనల్ని అడిగి రాదు బిడ్డా. ఇక్కడే పడుకో," అంది.

మబ్బు లేని రోజుల్లో అవ్వ వైద్యం మొదలైంది. అవ్వ చెప్పినట్టే ఒక వడ్రంగిపిట్ట దూరాన ఎండుమానును చిన్న ఉరుములా మెల్లగా టకటకలాడించేది. ఆ చప్పుడు వినబడగానే అవ్వ ఒక తియ్యని ఇప్పపువ్వు వాడి నోట్లో పెట్టేది. పిట్ట కొంచెం కొంచెంగా దగ్గరికొచ్చి చప్పుడు పెంచింది. వాడు చెవులు వాల్చేస్తే మళ్లీ దూరం జరిగేది. ముసలమ్మకు మతి పోయిందని నెమలి ఎగతాళి చేసింది. పోనుపోను చప్పుడైతే చాలు, బూచోడు అవ్వ ముఖం కేసి చూసి తోకాడించేవాడు.

తొలకరి వచ్చింది. ఆకాశం పెళపెళా ఉరిమింది. నెమలి మైమరచి బండ మీద ఆడుతుంటే, నక్క వెనకనుంచి దాని పింఛం పట్టుకుంది.

నెమలి కేక విని బూచోడు బొరియలోంచి బయటికొచ్చాడు. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే ఉరికి నక్క మీద పడ్డాడు. నక్క పరారైంది. నెమలి ప్రాణం దక్కింది గానీ, పింఛం నక్క నోట్లోనే ఉండిపోయింది.

బోడితోకతో నెమలి బొరియ ముందు తలదించుకుని నిలబడింది. "అన్నా, ఆ రోజు నిన్ను తరిమింది నేనే కదా. నన్నెందుకు కాపాడావు?" అని అడిగింది.

"ఉరుములో ఒంటరిగా ఉంటే ఎంత భయమో నాకు తెలుసు. లోపలికి రా, ఇంకా ఉరుముతోంది," అన్నాడు బూచోడు.

వాణ్ణి పొమ్మనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒకరినొకరు ఆనుకుని, ఇప్పపువ్వు నములుతూ వాన చూసిన ఆ సాయంత్రాలు ఇక రావు.

నీతి: భయపడేవాణ్ణి తరిమితే భయం పెరుగుతుంది, పక్కన కూర్చుంటే తరుగుతుంది.