మీగడ గుహలో తలల లెక్క

ఒకప్పుడు గబ్బిలం కూడా అందరిలాగే తల పైకి, కాళ్ళు కిందికి పెట్టుకుని నడిచేది. అదేమన్నా మామూలు నడకా? వందమంది తననే చూస్తున్నట్టు నడిచేది.

అప్పుడది ఆస్ట్రేలియాలో, ఊళ్ళకి ఎంతో దూరంగా, ఎర్రమట్టి బయళ్ళలో కాపురముండేది. ఆ నేల కింద రైలు పట్టేంత పెద్ద నల్లరాతి గుహలున్నాయి. పైన ఎండ పెనంలా కాలుతున్నా లోపల కుండలో నీళ్ళంత చల్లగా ఉండేది. వాటిని చూడ్డానికి జంతువులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. వాటికి గుహలు తిప్పి చూపించడం గబ్బిలం పని. వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచీ ఆ పని వాళ్ళింటిదే.

అమ్మమ్మ ఒకే ఒక్క నియమం పెట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆగాలి. వెనక్కి తిరిగి "ఉన్నారా?" అని అడగాలి. అందరూ "ఉన్నాం" అన్నాక, తలలు లెక్కపెట్టుకుని, అప్పుడు కదలాలి.

మన గబ్బిలానికి ఆ లెక్కంటేనే చిరాకు. దానికి కావలసింది మాట్లాడ్డం. తన గొంతు తనే విని మురిసిపోయే రకం. అలాంటివాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు, పేర్లు చెప్పకండి.

ఒకరోజు ఈము వచ్చింది. ఈము అంటే మనిషంత ఎత్తు పక్షి. ఎగరలేదు గానీ గొప్పలకేం తక్కువ లేదు. దాని వెనక వాలబీ వచ్చింది. కంగారూకి చెల్లెలి వరస. దాని పిల్లాడు తుర్రు, తల్లి సంచిలోంచి దిగి వారమైంది, ఒక్కచోట నిలబడడు.

"రండి రండి," అంది గబ్బిలం, అందరికంటే ముందు నడుస్తూ. "పూర్వం అగ్నికొండ కరిగిన రాతిని కక్కింది. అది నదిలా పారింది. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు, ఆ నది మీద రాతి మీగడ కట్టింది. కింద నది మాత్రం పారుతూ పారుతూ వెళ్ళిపోయింది. మీగడ మిగిలింది. ఇప్పుడు మీరున్నది ఆ మీగడ కింద."

"విరిగి నెత్తిన పడదు కదా?" అంది ఈము.

"నీ నెత్తి అంత ఎత్తున పెట్టుకుంటే నేనేం చెప్పలేను మామా."

మొదటి మలుపు వచ్చింది. గబ్బిలం ఆగలేదు. రెండో మలుపు వచ్చింది. అప్పుడూ ఆగలేదు.

"అక్కా, ఒకసారి తలలు చూడవూ? మావాడు కుదురు లేనివాడు," అంది వాలబీ.

"చివర్లో చూస్తాలే వదినా. కథ మధ్యలో ఆపితే రుచి పోతుంది."

తుర్రుకి ఈ కథ పట్టలేదు. వాడికి నేల మీద ఒక పురుగు కనిపించింది. పాలలా తెల్లగా ఉంది, కళ్ళు లేవు. అది పాకింది, వీడు గెంతాడు. అది పక్కనున్న ఇరుకు సందులోకి దూరింది. వీడూ దూరాడు.

ఆ సందు పల్లంలోకి దిగుతుంది. అడుగున బరువుగాలి ఉంటుంది. అది అగ్నికొండ విడిచిన ఆఖరి ఊపిరి. రంగూ లేదు, వాసనా లేదు. బద్ధకంగా నేలనంటుకుని పడుంటుంది.

"వచ్చావా నాయనా," అంది బరువుగాలి మెత్తగా. "కాళ్ళు నొప్పులా? కాసేపు నడుం వాల్చు."

తుర్రు ఆవలించాడు. పడుకున్నాడు.

మూడో మలుపు దగ్గర వాలబీ వెనక్కి చూసింది. "మావాడేడీ?"

గబ్బిలం కథ మధ్యలోనే ఆపేసింది. పుట్టాక అదే మొదటిసారి.

"ఉన్నావా?" అని అరిచింది. "ఉన్నావా, ఉన్నావా" అని గోడలు తిరిగి అరిచాయి. వచ్చిన దారినే పరిగెత్తుతూ అడుగడుక్కీ పిలిచింది. ఇరుకు సందు దగ్గర మాత్రం జవాబు మెత్తగా వచ్చింది, దుప్పటి మీద పడ్డట్టు. రాయి అలా పలకదు. అక్కడేదో బొచ్చున్న ఒళ్ళుంది.

గబ్బిలం సందులోకి దిగింది. నాలుగడుగులు వేసేసరికి తల తిరిగింది.

"నువ్వూ పడుకో తల్లీ," అంది బరువుగాలి. "ఎంతసేపు మాట్లాడావో పాపం."

వెనకే పరిగెత్తుకొచ్చిన ఈము కూడా దిగి మెడ నిక్కించింది. "నాకేం తేడా తెలియట్లేదే. గాలి బాగానే ఉంది."

అప్పుడు వెలిగింది గబ్బిలం బుర్రలో. ఈము తల పైనుంది, అందుకే బాగుంది. మత్తంతా కిందే ఉంది.

సందులో ఎగరడానికి చోటు లేదు. గబ్బిలం గోడ పట్టుకుని పాకింది. కప్పుకి కాలిగోళ్ళు గుచ్చి, తల కిందికి వదిలేసి వేలాడింది. రెండు రెక్కలూ పట్టినంత మేర విప్పి విసనకర్రలా విసిరింది.

"ఏమిటీ గోల, నిద్ర పాడుచేస్తున్నావు," అని గొణుగుతూ బరువుగాలి పక్కకి జరిగింది.

"మామా, ఊపిరి బిగబట్టి ముక్కు దించు. పిల్లాడి తోక పట్టుకుని లాగు."

ఈము మెడ వంచి, తుర్రుని తోక పట్టుకుని పైకి లాగింది. బయట పడేశాక వాడు తుమ్మాడు. కళ్ళు తెరిచి, "పురుగేదీ?" అన్నాడు.

వాలబీ వాణ్ణి సంచిలో కుక్కుకుంది. ఏడవలేదు, తిట్టలేదు.

"నీ కథ బాగుంది అక్కా. నా పిల్లాడే అందులో లేడు."

గబ్బిలం కప్పు మీద నుంచి దిగలేదు.

"దిగు మరి, దారి చూపించొద్దూ?" అంది ఈము.

"ఇలాగే చూపిస్తాను. ముందు నడిస్తే మీరంతా నా వీపు వెనకే ఉంటారు. ఇక్కణ్ణుంచి ప్రతి తలా కనిపిస్తోంది."

"తలకిందులుగా చెబితే కథ తలకిందులవదూ?"

"అయితే అవనీ మామా. లెక్క తప్పకపోతే చాలు."

బయటికొచ్చేదాకా కప్పు పట్టుకునే పాకింది. మలుపు మలుపుకీ వేలాడి, "ఉన్నారా?" అని అడిగింది. తల్లి సంచిలోంచి తుర్రు అందరికంటే గట్టిగా "ఉన్నాం" అన్నాడు.

అప్పటినుంచే గబ్బిలం తలకిందులుగా వేలాడుతోంది. చీకట్లో ఎగిరేటప్పుడు కూడా, మన చెవికందనంత సన్నటి గొంతుతో "ఉన్నారా, ఉన్నారా" అని అడుగుతూనే ఉంటుంది. జవాబు వినకుండా ఒక్క మలుపూ తిరగదు.