ఐదో పేజీ కింది మూల

"ఈ పేపర్‌ను ఏం చెయ్యాలె సార్?" అని దేవిదాస్ అడగడం అది మొదటిసారి కాదు. వారానికి మూడుసార్లన్నా అడిగేవాడు. విఠలయ్య సారు వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. ముప్పై ఏళ్లు ఆ జిల్లా పత్రికలోనే ప్రూఫులు దిద్ది, చూపు సగం అక్కడే వదిలేసి ఇంటికొచ్చినవారు. ఎవరేమడిగినా కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకునేవారు. అడిగినవాడి ఆవేశం చల్లారేదాకా తుడుస్తూనే ఉండేవారు.

దేవిదాస్ ఆవేశం అంత తొందరగా చల్లారే రకం కాదు. పొద్దున, సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు చెప్పి, మధ్యలో మిగిలిన వేళంతా ఆ పత్రిక మీదే పడేవాడు. ఎమ్మెల్యే తుమ్మితే మొదటి పేజీ, కాలువ తెగితే ఎక్కడో లోపల. అధికార పక్షం సభకు 'పోటెత్తిన జనం', ఎదుటి పక్షం సభకు 'పలువురు పాల్గొన్నారు'. అతను చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, ఆ మాట మనమూ ఒప్పుకోవాలి. ఎడిటర్‌కు ముప్పైఒక్క ఉత్తరాలు రాశాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. రాసి రాసి అలసిపోయాడు పాపం.

"బీడీ కార్ఖానాల పేపర్ చదివే రాజలింగం మంచాన పడ్డడు. ఆయన లేచేదాక నువ్వు పోయి చదువు," అన్నారు సారు ఆ రోజు.

"నేనడిగింది అది కాదు సార్."

"తెలుసు."

ఆ ఊరి కార్ఖానాలో అదొక పాత అలవాటు. పదకొండింటికి ఒకరు ముందు కూర్చొని గంటసేపు పత్రిక పైకి చదువుతారు. నలభై మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని వింటారు. చెవులు చదివేవాడి మీద, చేతులు తునికాకు మీద. వాళ్లలో చదువొచ్చినవాళ్లు నలుగురైదుగురు. రాజలింగం మొదటి అక్షరం నుంచి ప్రెస్సు పేరు దాకా, హెచ్చుతగ్గులు లేకుండా, చావులూ టెండర్లూ ఏదీ వదలకుండా చదువుకుంటూ పోయేవాడు. సగం మంది వింటూనే కునుకు తీసేవాళ్లు.

దేవిదాస్ వచ్చాక ఎవరూ కునుకు తీయలేదు. మంగళవారం ఎమ్మెల్యే పుట్టినరోజు. బుధవారం పత్రిక పండగ చేసుకుంది. మొదటి పేజీలో ఎనిమిది కాలమ్‌ల కేకు ఫొటో, లోపల దండలతో నిండిన నాలుగు పేజీలు. దేవిదాస్ ఒక్కో వాక్యం చదవడం, ఆగడం, దాని బట్టలు విప్పడం. "చూసిండ్రా, ఆస్పత్రిల పండ్లు పంచిండట. ఆ ఆస్పత్రిల డాక్టర్ లేడన్న సంగతి ఎక్కడన్న ఉన్నదా?" ఆడవాళ్లు పకపకా నవ్వారు. ముందు వరుసలో కూర్చునే సాయవ్వయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. మొగుడు పోయి, కూతురితో ఒక్క గది అద్దెకుంటూ, ప్రభుత్వ ఇంటికి పేరిచ్చి నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి. ఆమె నవ్వు చూసి దేవిదాస్‌కు ఇన్నేళ్ల కసి తీరినట్టయింది. ముప్పైఒక్క ఉత్తరాలకు దొరకని గౌరవం ఆ గంటలో దొరికింది. గంట అయిపోయింది. "మిగిలినదంత చెత్తనే," అని పత్రిక మడిచేశాడు.

శుక్రవారం వెళ్లేసరికి సాయవ్వ చాట ముందు ఊరికే కూర్చొని ఉంది. ఆకు ముట్టలేదు.

"నిన్న మా వార్డు సభ అయ్యిందట సారూ. ఇండ్ల జాబితల పేర్లు పిలిచిండ్రట. పలుకనోళ్లయి కొట్టేసిండ్రట. నా పేరు గూడ పిలిచిండ్రట. నేనీడనే ఉంటి. పేపర్ల ఎయ్యలేదా?"

దేవిదాస్ మూలన పడున్న బుధవారం పత్రిక తీసి తిరగేశాడు. ఐదో పేజీలో, దండల ఫొటోల కింద, బొటనవేలంత జాగాలో ఉంది. గురువారం పదింటికి వార్డు సభ, దరఖాస్తుదారులు స్వయంగా హాజరు కావాలి. వెయ్యలేదు అంటే సరిపోయేది. ఆ పత్రిక గురించి తను ఏం చెప్పినా వాళ్లు నమ్మే స్థితిలో ఉన్నారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏసిండ్రు అవ్వా. మూలకు, ఎవలకూ కనబడకుంట ఏసిండ్రు."

"మూలకేస్తే చదువొచ్చినోళ్లకు గూడ కనబడదా?" అంది సాయవ్వ. ఎత్తిపొడుపు కాదు. ఆమెకు చదువు రాదు, నిజంగానే తెలియక అడిగింది.

ఆమెను వెంటబెట్టుకొని మున్సిపల్ ఆఫీసుకు పరుగెత్తాడు. జాబితా పొద్దున్నే కలెక్టరేటుకు పోయిందన్నారు. మళ్లీ జాబితా ఎప్పుడని అడిగితే గుమస్తా భుజాలు ఎగరేశాడు. సాయవ్వ ఎవరినీ తిట్టలేదు. ఎండలో కొంగు నెత్తిన కప్పుకొని మళ్లీ కార్ఖానాకు నడిచింది, ఆ పూట బీడీలన్నా మిగలాలి కదా.

దేవిదాస్ నేరుగా సారు ఇంటికి వచ్చి పత్రిక ఆయన ముందు పరిచాడు. "చూడండి సార్. కేకుకు ఎనిమిది కాలమ్‌లు, దీనికి ఇంత. ఈ ఎడిటర్‌కు మనసున్నదా? ఒక ముసలామె ఇల్లు పోగొట్టిండు." ఎప్పటి మాటలే, కానీ గొంతు ఎప్పటిలా లేవలేదు.

విఠలయ్య సారు పత్రికను కళ్ల దగ్గరికి తెచ్చుకొని ఆ నాలుగు పంక్తులూ చివరిదాకా చదివారు. చాలా అలసిపోయినట్టు కనిపించారు.

"పోగొట్టిండు, నిజమే," అన్నారు. "కాని ఆ ఎడిటర్ సాయవ్వ మొఖం ఎన్నడు చూడలేదు, దేవిదాసూ."