మోదుగాకు కన్నం

అనగనగా ఒక అడవిలో, పైన చోటే లేనట్టు, నేల కింద ఒక బడి ఉండేది.

అది పాత బొరియ. ముందు వైపు ఒక గుమ్మం. వెలుతురంతా అక్కడి నుంచే వచ్చేది. వెనక వైపు మూడు సొరంగాలు. అక్కడ ఎంత చీకటంటే, మీ ముక్కు మీకే కనపడదు. (ఇప్పుడు కనపడుతోందా? చూసుకోకండి, మెల్లకన్ను వస్తుంది.)

ఆ మూడు సొరంగాల్లో మంచి దారి ఒక్కటే. అది వేపచెట్టు వేళ్ళ కిందుగా పైకి పోతుంది. రెండోది వాగులోకి దిగుతుంది. మూడోది ఎవరింటికి పోతుందో తర్వాత చెప్తాను. ఇప్పుడే చెప్తే దుప్పటి ముసుగేసుకుంటారు.

ఆ బడిలో పంతులమ్మ ఒక ముళ్ళపంది. పిల్లలు ఏడుగురు. పలకల్లేవు, పుస్తకాల్లేవు. "చేత్తో పట్టుకోనిది బుర్రలో నిలవదర్రా!" అనేది ముళ్ళ పంతులమ్మ. అందుకని పిల్లలే గింజలు నాటేవాళ్ళు, గూళ్ళు అల్లేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం తడుము పాఠం.

ఒక్కొక్కరి కళ్ళకీ మోదుగాకు కట్టి, ముందు మూడు మట్టి పెళ్ళలు పెట్టేది పంతులమ్మ. ఒకటి గరుగ్గా, చెట్టు వేళ్ళు అల్లుకుని ఉంటుంది. ఒకటి బంకబంకగా తడిగా ఉంటుంది. మరొకటి నున్నగా, నూనె రాసినట్టు ఉంటుంది.

"గరుకు మట్టంటే చెట్టు దారి, బతుకు. తడి మట్టంటే వాగు దారి, మునక. నున్నటి మట్టంటే..." అని పంతులమ్మ గొంతు తగ్గించేది. "కొండచిలువ పొట్ట రాసుకున్న గోడ."

చూశారా, మూడోది ఎవరిల్లో ఆవిడే చెప్పేసింది. నా తప్పేం లేదు.

"కుడివైపా, ఎడమవైపా చెప్పెయ్యొచ్చుగా పంతులమ్మా?" అని అడిగాడు ముంగిస పిల్లాడు గోగు.

"చీకట్లో రెండుసార్లు గిర్రున తిరిగితే కుడేదో ఎడమేదో నీకు తెలీదురా. వేళ్ళకి మాత్రం మట్టి తెలుస్తుంది."

ఆ పాఠంలో రోజూ ఫస్టు వచ్చేది బూరుగు అనే కుందేలు పిల్ల. తెల్లగా, మెత్తగా, అందంగా ఉండేది. పాదాలకి మట్టంటితే పదిసార్లు దులుపుకునేది. పెళ్ళని అలా ముట్టుకుని ఇలా చెప్పేసేది. ఒక్కటీ తప్పు పోయేది కాదు. పంతులమ్మ మురిసిపోయి, దాని చెవిలో పాలపిట్ట ఈక గుచ్చి, "ఇక నుంచి క్లాసుకి నువ్వే లీడరమ్మా" అంది.

కానీ ఒక రహస్యం ఉంది. బూరుగు తన మోదుగాకుకి గోటితో చిన్న కన్నం పెట్టుకుంది. ఆవగింజంత. అందులోంచి చూసి చెప్పేది.

(దాగుడుమూతల్లో వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళు మీలో ఎవరో ఉన్నారు. నేను పేరు చెప్పనులే.)

రోజూ లాస్టు వచ్చేది చిట్టెలుక చింతాకు. ఒకసారి నున్నటి పెళ్ళని బుగ్గకి ఆనించుకుని, "ఇది భలే ఉంది పంతులమ్మా! ఇటే పోదాం!" అంది.

"చింతాకు కొండచిలువ కడుపులో కాపురం పెట్టిందిరో!" అని గోగు ఎగిరి గంతేశాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చింతాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంతులమ్మ మాత్రం నవ్వలేదు. "మళ్ళీ తడుము" అంది. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే మాట.

ఒకరోజు మధ్యాహ్నం వాన మొదలైంది. మామూలు వాన కాదు. గుమ్మం ముందు నీళ్ళు నిలిచాయేమో చూడ్డానికి పంతులమ్మ బయటికి అడుగు పెట్టింది. అంతే. దభీమని పైనున్న మట్టిగట్టు విరిగి గుమ్మం మీద పడింది.

చీకటి.

పంతులమ్మ బయట. ఏడుగురు పిల్లలూ లోపల. మట్టి అవతల నుంచి ఆవిడ గొంతు ఎక్కడో దూరంగా వినపడింది. "తడమండర్రా! బూరుగు వెనకాల నడవండి!"

కాళ్ళ కింద చల్లగా నీళ్ళు తగిలాయి. ముందు గోళ్ళ దాకా. తర్వాత మడమల దాకా.

"నాకేం భయం లేదు" అన్నాడు గోగు. వాడి పళ్ళు మాత్రం టకటకమన్నాయి. "బూరుగూ, నువ్వు ముందు పద. నీకెప్పుడూ తప్పు పోదుగా."

పిల్లలంతా ఒకరి తోక ఒకరు పట్టుకున్నారు. బూరుగుకి తోకెక్కడుంది పాపం! ఆ దూది ఉండనే గోగు గట్టిగా పట్టుకున్నాడు. అందరి కంటే వెనక చింతాకు.

బూరుగు వెనక గదిలోకి నడిచింది. మొదటి సొరంగం గోడని ముట్టుకుంది. మట్టి. రెండో గోడని ముట్టుకుంది. మట్టి. మూడో గోడనీ ముట్టుకుంది. అదీ మట్టే. దాని పాదాలకి ఏ తేడా తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ చెప్పింది కన్ను. ఇక్కడ కన్ను పనిచేయదు.

"ఎటే?" అన్నాడు గోగు.

బూరుగు చెవిలో ఈక సర్దుకుంది. 'తెలీదని చెప్తే అందరూ నవ్వుతారు. ఈక తీసేస్తారు. ఏదో ఒకటి చెప్పేస్తే? మూడింట్లో ఒకటి కరెక్టే కదా' అనుకుంది.

"ఇటు" అంది.

ఒక అడుగు వేశారు. రెండో అడుగు వేశారు. మూడో అడుగుకి లోపల నుంచి వెచ్చటి గాలి తగిలింది. అది గాలి కాదు. ఎవరిదో ఊపిరి.

"ఎవరమ్మా అదీ?" అంది ఒక తియ్యటి గొంతు. "వానలో తడిశారా? రండి తల్లీ, రండి. నేను మీ పెద్దమ్మనే. ఇంకొక్క అడుగు వెయ్యండి. నాకు ఒంటరిగా చలేస్తోంది."

బూరుగు పాదం గాల్లోనే ఆగింది. ఇంకో అడుగు వేస్తే తనొక్కతే కాదు, తన వెనకున్న ఆరుగురూ. తోక దగ్గర గోగు చెయ్యి ఇంకా బిగుసుకుంది. నమ్మి పట్టుకున్న చెయ్యి.

"నాకు రాదు" అంది బూరుగు మెల్లగా.

"ఏం రాదు?"

"తడమడం నాకు రాదు. నా ఆకుకి కన్నం ఉంది. రోజూ చూసే చెప్పాను. ఇది ఏ దారో నాకు నిజంగా తెలీదు."

"ఇప్పుడా చెప్పేది!" అన్నాడు గోగు. ఏడుపు గొంతుతో అన్నాడు.

అప్పుడు వెనక నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. "ఇక్కడి గోడ నేను తడిమాను. నున్నగా ఉంది. ఎవరూ వెనక్కి తిరగొద్దు. అలాగే వెనక్కి అడుగులేయండి."

అది చింతాకు. అదే నున్నదనాన్ని బుగ్గకి ఆనించుకుని అందరి చేతా నవ్వించుకుంది కదా, ఇక జన్మలో మర్చిపోతుందా?

ఒక అడుగు వెనక్కి. రెండడుగులు. లోపల ఏదో బరువుగా కదిలింది. సర్రున పాకుతున్న చప్పుడు. "వెళ్ళిపోతున్నారేమ్మా?" అంది తియ్యటి గొంతు. ఈసారి అంత తియ్యగా లేదు.

"ఇది బంకగా ఉంది, వాగు దారి" అంది చింతాకు. పక్క గోడ మీద దాని చిన్న చేతులు పాకాయి. "ఇది గరుకు! వేరు తగిలింది! రండి, రండి!"

ఏడుగురూ చెట్టు వేళ్ళు పట్టుకుని పైకి ఎగబాకారు. వెనక చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. చిట్టచివర ఉన్న బూరుగు చెవి అంచుకి చల్లగా ఏదో తగిలింది. ఒక్క దూకు దూకింది. వెలుతురు!

కొండచిలువ వేళ్ళ మధ్య ఇరుక్కుని, తిట్టుకుంటూ వెనక్కి జారింది.

వేపచెట్టు కింద, వానలో, తన ఒళ్ళు పట్టని ఆ సందు చుట్టూ పంతులమ్మ తవ్వుతోంది. గోళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. పిల్లల్ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. ఏడో తల దగ్గరికి వచ్చేసరికి కూలబడి ఏడ్చేసింది.

బూరుగు చెవిలో ఈక అలాగే ఉంది, తడిసి ముద్దయి. అది తీసి పంతులమ్మ చేతిలో పెట్టింది. జరిగిందంతా తనే చెప్పింది. పంతులమ్మ కొట్టలేదు, తిట్టలేదు. కొత్త మోదుగాకు ఒకటి కోసి, వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. కన్నం లేదు.

"రేపు మొదటి నుంచి" అంది.

మర్నాడు వేపచెట్టు కిందే బడి. బూరుగు కళ్ళకి కొత్త ఆకు. ముందు మూడు పెళ్ళలు. బూరుగు మూడూ తప్పే చెప్పింది. గోగు కిసుక్కుమన్నాడు. ఈకైతే ఇప్పుడు చింతాకు చెవిలో ఉంది, దానికంటే పొడుగ్గా. ఆ చెవి ఊపుతూ పక్కకి వచ్చి కూర్చుంది చింతాకు. బూరుగు పాదాలు రెండూ పట్టుకుని మట్టిలోకి నొక్కింది.

"మళ్ళీ తడుము" అంది.

బూరుగు ఈసారి పాదాలు దులుపుకోలేదు.

నీతి: సొంత చేతులతో చేసి తప్పినా అది చదువే; రానిది వచ్చినట్టు చూపిస్తే, మనతో పాటు మనల్ని నమ్మినవాళ్ళూ ఆపదలో పడతారు.