బూచమ్మకు తోడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. కథల్లో రాజులకు ఎప్పుడూ ముగ్గురే ఎందుకని అడగకండి. ఇద్దరైతే కథ చాలదు, నలుగురైతే చెప్పేవాడికి పేర్లు గుర్తుండవు. పెద్దవాళ్ళిద్దరూ వేటగాళ్ళు. మూడోవాడు హేమాంగదుడు, ఇంటిపట్టున ఉండే మనిషి. అతనికి ఐదేళ్ళ కూతురు మందార, అప్పుడప్పుడే నడక నేర్చిన కొడుకు, ఇద్దరినీ కనిపెట్టుకుని ఉండే బూచమ్మ అనే కుక్క.

పేరు బూచమ్మేగాని దాన్ని చూసి పిల్లి కూడా బెదిరేది కాదు. ఒక చెవి సగమే ఉండేది. వెనక కాలు ఈడ్చేది. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయనుకోండి, మనకే వినే ఓపిక పోయింది.

ఒకరోజు బూచమ్మ, "బాబూ, మందార ఒకవైపు, తమ్ముడు ఒకవైపు పరిగెడుతున్నారు. నా కాళ్ళు ఇక చాలవు. నాకొక తోడు తెచ్చిపెట్టు" అంది.

"ఎలాంటిదాన్ని తెమ్మంటావు?"

"మూడు సంగతులు చూడు. తోక లాగితే ఏం చేస్తుందో చూడు. తినేటప్పుడు ముద్ద జరిపితే ఏం చేస్తుందో చూడు. మూడోది, నన్ను వెంట తీసుకెళ్ళు. మా ఇద్దరికీ పొసుగుతుందో లేదో చూడాలి కదా!"

మేలుజాతి కుక్కలన్నీ ఏడు సముద్రాల అవతల ధూమకేశి అనే మాంత్రికుడి దగ్గర ఉండేవి. అక్కడికి దేశదేశాల రాజకుమారులు వస్తారు. అన్నలూ వస్తారు. వాళ్ళందరి ముందు ఈ సగం చెవి కుక్కను వెంటేసుకుని ఎలా వెళ్ళడం? "నీకు ప్రయాణం పడదులే" అని చెప్పి హేమాంగదుడు ఒక్కడే బయలుదేరాడు.

ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. "ఒక్కడివే వచ్చావేం నాయనా?" అని దారిలో అడిగింది కూడా. అతను అలలు లెక్కపెట్టసాగాడు.

మాంత్రికుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉండేది. ఆ చిలుకకు ఒక్కటే మాట వచ్చు. "ఉస్కో!" అనేది. అనగానే కుక్కలన్నీ మీదికి దూకేవి. ఒక మూల గోధుమరంగు కుక్క మాత్రం, తన పళ్ళెంలో పిచ్చుకలు మెతుకులు ఏరుకుంటుంటే చూస్తూ పడుకుంది.

హేమాంగదుడి చూపు దాని మీదికి పోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, కుక్క కోసం వచ్చావా, ఆవుదూడ కోసమా?" అన్నాడు పెద్దన్న.

"పాలివ్వదని చెప్పన్నా వాడికి!" అన్నాడు రెండో అన్న.

అందరూ గొల్లున నవ్వారు. హేమాంగదుడి చెవులు ఎర్రబడ్డాయి. గబుక్కున చెయ్యి చాచి, అన్నిటికన్నా ఎత్తు ఎగిరిన ఎర్ర కుక్కను చూపించాడు. తోక లాగలేదు. ముద్ద జరపలేదు.

ఇంటికి తెచ్చి, ముంగిట్లో గడ్డిబొమ్మను నిలబెట్టి, "ఉస్కో!" అన్నాడు. ఎర్రది బొమ్మను చీల్చి పోగులు పెట్టింది. మందార చప్పట్లు కొట్టింది. బూచమ్మ వెళ్ళి పిల్లవాడి పక్కన పడుకుంది.

మర్నాడు తమ్ముడు మందార చేతిలోని సున్నుండ లాక్కున్నాడు. మందారకు కోపం వచ్చింది. వాడికేసి వేలు చూపించి, అచ్చం నాన్నలాగే, "ఉస్కో!" అంది.

ఎర్రది ఎగిరింది. దానికన్నా ముందు, ఆ కుంటికాలితోనే, బూచమ్మ ఎగిరింది.

పిల్లవాడికి చిన్న గీత కూడా పడలేదు. బూచమ్మ మెడ నుంచి రక్తం కారింది. హేమాంగదుడు పరిగెత్తుకొచ్చేసరికి ఎర్రది అతని ముందు కూర్చుని, తోకాడిస్తూ, మెచ్చుకుంటాడని మొహంలోకి చూసింది. ఆ చూపుకు అతను నేలలోకి కుంగిపోయాడు.

"నాన్నా, నువ్వన్న మాటే అన్నాను" అని మందార వెక్కివెక్కి ఏడ్చింది. అతని భార్య కువలయ అతనికేసి చూడకుండా, కొంగు చింపి బూచమ్మ మెడకు కట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

గాయం మాన్పే తీగ ధూమకేశి తోటలోనే ఉంది. హేమాంగదుడు బూచమ్మను భుజాన వేసుకుని మళ్ళీ బయలుదేరాడు. "ఈసారి ఇద్దరా?" అంది తాబేలు. అతను తల ఎత్తలేకపోయాడు.

"తీగ కావాలా? నా కుక్కల్ని దాటి కోసుకో!" అని మాంత్రికుడు పకపకా నవ్వాడు.

హేమాంగదుడు మొదటిసారి మాంసం విసిరి వెళ్ళబోయాడు. చిలుక "ఉస్కో!" అంది. అంగీ పోయింది. రెండోసారి డాలు అడ్డం పెట్టుకుని వెళ్ళబోయాడు. చిలుక "ఉస్కో!" అంది. డాలూ పోయింది. పంజరం పక్కన కూలబడి, బూచమ్మ తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బూచమ్మా, ప్రయాణం పడదన్నది అబద్ధం. నిన్ను చూసి నలుగురూ నవ్వుతారని వదిలేసి వచ్చాను."

"తెలుసు బాబూ. పడవ చూస్తేనే కడుపులో తిప్పేది నీకు, నాకు కాదు. అది సరేగాని, చిలుక విన్న మాటే అంటుంది, మన మందార లాగే. పాపం దానికి ఇంకో మాట ఎవరైనా నేర్పారా?"

 హేమాంగదుడు బూచమ్మను నిమురుతూ, పిల్లల్ని నిద్రపుచ్చేటట్టు, "జోజో... జోజో..." అని పాడాడు. పాడాడు, పాడాడు, గొంతు బొంగురుపోయేదాకా పాడాడు. చిలుక మెడ వంచి వింది. "ఉస్..." అని ఆగింది. "జో..." అంది. చివరికి "జోజో!" అంది.

తన ప్రాణమే జోకొడుతుంటే మాంత్రికుడు ఎంతసేపు ఆగుతాడు? ఆవులించాడు, ఒరిగాడు, గురక పెట్టాడు. కుక్కలన్నీ ముడుచుకుని పడుకున్నాయి. హేమాంగదుడు తీగ కోసి పసరు పిండగానే బూచమ్మ గాయం మానింది. చిలుక ఆ మాట మానలేదు గనక ధూమకేశి ఇంకా లేవలేదట.

గోధుమరంగు కుక్క ఒక్కటే మెలకువగా ఉండి, దగ్గరికొచ్చింది. హేమాంగదుడు తోక లాగాడు. ఎవరు పిలిచారా అన్నట్టు తిరిగి చూసింది. ముద్ద పెట్టి, తింటుంటే జరిపాడు. పిచ్చుకలకేమో అనుకుని పక్కకు తప్పుకుంది. "మూడోది నేను చూసుకుంటాను" అంది బూచమ్మ. రెండూ ముక్కూ ముక్కూ ఆనించుకున్నాయి.

రెంటినీ తీసుకుని ఇల్లు చేరాక, ఎర్రదాన్ని అతను వెళ్ళగొట్టలేదు. ఉస్కో అనే మాటే ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. కొన్నాళ్ళకు ఎర్రది కూడా ఆ మాట మరిచిపోయి, పిల్లల చెప్పులకు కాపలా కాసింది.

అన్నలు చూడవచ్చారు. గోధుమరంగు దాని పొట్ట మీద తల పెట్టి పిల్లవాడు నిద్రపోతున్నాడు. "భలే దాన్ని ఎంచావురా!" అన్నాడు పెద్దన్న.

"దీన్ని ఎంచింది బూచమ్మ. ఆ ఎర్రదాన్ని ఎంచింది నేను" అని హేమాంగదుడు జరిగిందంతా అన్నలకూ, ఆ తర్వాత నిండు సభలోనూ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తరవాత అతనే రాజై చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. మందార పెళ్ళి వైభోగంగా జరిగింది. పెళ్ళిలో కొత్త అల్లుడు కుక్కల సంగతి అడిగాడు. మామగారు అదే జవాబు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి.

కథ అయిపోయింది. లేవండి, బయట మన కుక్కకు ఇంకా ముద్ద పెట్టలేదు.