చేతిలో రబ్బరు బుడగ

నాకు ఇరుకు చోట్లంటే ప్రాణం పోయేంత భయం. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. లిఫ్టు ఉన్నా, ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వెళ్తాను.

అలాంటిదాన్ని మెదడు స్కానింగ్ పరిశోధన నేర్చుకోడానికి చేరాను. మనిషి ఏదైనా తలుచుకుంటే మెదడులో ఎటు రక్తం పరుగెత్తుతుందో పట్టుకునే యంత్రం అది. సొరంగంలా ఉంటుంది. లెక్కలూ, ప్రోగ్రాములూ ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. ఈ భయం సంగతి తెలిస్తే పంపించేస్తారని ఒకటే గుబులు. కొత్తవాళ్లు ముందు తాము ఆ సొరంగంలో పడుకోవాలని మా ల్యాబ్ నడిపే కాత్యాయని మేడమ్ నియమం. నేను జలుబనీ, తలనొప్పనీ దాటేస్తూ వచ్చాను.

నిన్న మా ప్రయోగం కోసం రాహేలు గారని ఒక బడి టీచర్ వచ్చారు.

"లోపల గురక పెడితే కేసు పెడతారామ్మా?" అని నవ్వారు.

నవ్వుతున్న మనిషి చేతులు చల్లగా ఉన్నాయి. భయమేస్తే నొక్కమని, నొక్కగానే యంత్రం ఆపేస్తామని ఆ చేతిలో రబ్బరు బుడగ పెట్టి, "అస్సలు కదలొద్దు. కదిలారంటే అంతా పాడైపోతుంది" అన్నాను.

ఆవిడ బుడగ నొక్కలేదు. తల మాత్రం కదులుతూనే ఉంది. బయటికొచ్చాక గబగబా చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఇవాళ పొద్దున మేడమ్‌కి తెర మీద ఆవిడ స్కాన్ గీత చూపించాను. తల ఎంత కదిలితే గీత అంత వంకర.

"ఈవిడ స్కాన్ పనికిరాదు మేడమ్. తీసేద్దాం. చెప్పినా వినలేదు."

మేడమ్ గీత చూసి నా వైపు తిరిగారు. "హిమజా, జడలో పిన్నులు తీసేసి రా."

సొరంగంలోకి ఇనుము పోకూడదు, అంటే ఇవాళ నా వంతే; ఇక జలుబనే ధైర్యం లేక పిన్నులు తీసేశాను. బల్ల మీద పడుకున్నాను. తలకి పంజరం లాంటిది బిగించి, చేతిలో బుడగ పెట్టారు.

"అస్సలు కదలొద్దు. కదిలావంటే అంతా పాడైపోతుంది."

బల్ల లోపలికి జరిగింది. ముక్కుకి బెత్తెడు దూరంలో కప్పు. రేకు మీద సుత్తి పడుతున్నట్టు మోత. ఊపిరి అందలేదు. నొక్కాలి. నొక్కితే వేళ్లు కదులుతాయి... వేళ్లు బిగుసుకుపోయాయి.

ఉన్నట్టుండి మోత ఆగింది. మేడమే వచ్చి బల్ల బయటికి లాగారు.

"ఎందుకు నొక్కలేదమ్మా?"

"కదిలితే పాడైపోతుందని..."

"ఎవరన్నారు?"

మీరేగా, అనబోయాను. నిన్న రాహేలు గారితో నేనన్న మాటే అది; మేడమ్ విన్నారన్నమాట.

మేడమ్ తెర మీద రాహేలు గారి గీత పక్కన నా గీత పెట్టారు. నాదే ఎక్కువ వంకర.

"ఇద్దరిలో ఎవరిది తీసేద్దాం?" అని అడిగి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

బుడగ ఇంకా నా చేతిలోనే ఉంది. రాహేలు గారు ఫోన్ ఎత్తుతారో లేదో. ఎత్తి, "నువ్వా?" అని ఊరుకుంటే?

అయినా చేస్తాను. క్షమించమనేకంటే ముందు, నాకు ఇరుకు చోట్లంటే భయమండీ, అని చెబుతాను.